సవళ్ల పొగ

జగదీశ్వరం మాస్టారు మాఘమాసంలో ఎందుకు రాలేదన్నదే నాంచారయ్య కసి. మహానుభావుడు ఎర్రటెండల వైశాఖంలో పడవ దిగాడు. పది రోజులు తాటిముంజలు తిన్నాడు. గుల్లలదిబ్బ దీవి చరిత్ర, ప్రకృతి, జనజీవనం అంటూ మూడు వందల పేజీలు రాసి పోయాడు. ఆయన పోయినా పెత్తనం పోలేదు. ఆయన రాసిందే దీవి. రాయనిది అధికం.

పోలికదారు నాంచారయ్య రోజూ తెల్లవారగానే పోలికకన్ను యంత్రాన్ని మెడలో వేసుకుని దీవి చుట్టి వస్తాడు. గ్రంథంతో సరిపడనిది కనబడితే కన్ను ఆగి అడుగుతుంది. అతను ‘అధికం’ అంటాడు. పాయలో కాచుకున్న తవ్వోడ కదిలి వచ్చి ఆ చోటును తవ్వేస్తుంది. పోయినేడు గంగమ్మ పెరట్లో మొలిచిన మునగచెట్టు దగ్గర అలాగే అన్నాడు. సాయంత్రానికి చెట్టుతో పాటు పెరడూ సముద్రంలో కలిసింది. అప్పట్నుంచి అతను ఎదురైతే గంగమ్మ ఉమ్మేసి తలుపేసుకుంటుంది.

ఆ మాఘపు ఉదయం మంచు దిగింది. చెయ్యి చాస్తే వేళ్లు కనబడటం లేదు. చీకటితోనే పీతలకు వెళ్లిన నాంచారయ్య కూతురు నాగరత్నం, అల్లుడు ఇంకా తిరిగి రాలేదు. పోటు తీసి పాటు మొదలైంది. మంచులో పాటుకు చిక్కిన పడవను పాయ నడిసముద్రంలోకి ఈడ్చేస్తుంది.

పూర్వం ఇలాంటప్పుడు ఆడవాళ్లు ఒడ్డున మడకట్టె మంటలు వేసి ఎండుసవళ్ల చేపలు కాల్చేవారు. వెలుగు మంచును దాటలేదు గాని వాసన దాటుతుంది. నేలగాలి మోసుకొచ్చిన ఆ వాసనకు ఎదురు తిప్పుకుని పడవలు ఒడ్డు చేరేవి. వైశాఖంలో మంచేది? మాస్టారు ఆ మంట చూడలేదు, రాయలేదు.

ఒడిలో సవళ్లు, చంకలో కట్టెలతో భార్య తిరపతమ్మ ఎదురైంది.

“పాటు లాగేత్తంది మావా. నేను ముట్టిత్తాను. నువ్వా పక్కకి తిరుగు.”

“తిరిగితే ఆగుద్దేంటే? దీనికి వాసన కూడా తెలుసుద్ది.”

“తెలిత్తే తెలవనీ. ముప్పయ్యేళ్లుగా మన గాలే పీలుత్తంది, ఒక్కనాడన్నా మన సవళ్ల రుచి సూడనీ.”

అతను ఆవిడ చేతిలోని అగ్గిపెట్టె లాక్కున్నాడు. దీవిలో కాస్త మెరక తన రాగిచేనే. చేను నడుమ కట్టెలు పేర్చి తనే ముట్టించాడు. సవళ్ల కొవ్వు చిటపటలాడింది. ఘాటైన పొగ మంచులోకి పాకింది.

కన్ను అడిగింది: “గ్రంథంలో లేదు. అధికమా?”

ఇన్నేళ్లూ అతను ఆలోచించకుండా చెప్పిన జవాబు ‘అధికం’ ఒక్కటే.

“కాదు,” అన్నాడు. “రాసినోడిదే తప్పు.”

కన్నులో ఎప్పుడూ వినిపించే గురగుర ఆగిపోయింది. అది అలా ఆగడం నాంచారయ్య ఎన్నడూ ఎరగడు. ఆ నిశ్శబ్దంలో మరో పొగ వాసన వచ్చింది, ఆ పైన ఇంకొకటి. గంగమ్మ ఇంటి వైపు నుంచీ సవళ్లు కాలుతున్నాయి.

చాలాసేపటికి ఒడ్డుకు కొయ్య తగిలిన చప్పుడైంది. ఆ వెనకే దగ్గు, నాగరత్నం గొంతు. తిరపతమ్మ పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తింది.

అప్పుడు కన్ను పలికింది. “తప్పు నమోదైంది. గ్రంథంలో లేనివి ఇంకా ఏమున్నాయి?”

మంచు పలచబడుతోంది. మాస్టారు వెళ్లాక పుట్టినవాళ్లు, కట్టుకున్న గుడిసెలు, నేర్చుకున్న పాటలు, చేసుకున్న సమాధులు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. నాంచారయ్య అరచేత్తో కన్ను మూశాడు. చెయ్యి కింద అది వెచ్చగా అటూ ఇటూ తిరుగుతోంది. ఈసారి అతన్ని అడగటం లేదు. తనే చూసుకుంటోంది.

ఎవరూ ‘అధికం’ అనకుండానే పాయలో తవ్వోడ కదిలింది. మొదటి కాటు మంట వేసిన చోటే పడింది. మండుతున్న కట్టెలతో, కోతకొచ్చిన రాగులతో సహా నాంచారయ్య చేను నీళ్లలోకి జారింది. ఎకరా ముప్పైనాలుగు సెంట్లు.