బొమ్మకు కూర్చున్న మనిషి

గుడ్డ తొలగించగానే సూర్యకళ గుండె ఆగినంత పనైంది. కాన్వాసు మీద ఉన్నది... రాము! తన కన్నకొడుకు! కళ్లు మూసుకుని ఉన్నాడు! తెల్లవారకుండానే చేపల వేటకెళ్లిన వాడు ఇంకా తిరిగి రాలేదు. బయట గాలి ఇంటి రేకులను ఎత్తి కొడుతోంది. ఇక ఎవరూ సముద్రంలోకి వెళ్లొద్దని హార్బరు దగ్గర మైకులో అరుస్తున్నారు...

"ఏటి సేసినావు మావా! ఎవుల్నడిగి నా బిడ్డ బొమ్మ గీసినావు?"

ఆమె భర్త అర్జునరావు గుడ్డ మళ్లీ కప్పబోయాడు. జాలారిపేట మనుషుల ముఖాలు గీయడమే అతని బతుకు. ఓడలూ కొండలూ గీయమంటే చెయ్యి కదలదు. నిరుడు అప్పలరాజు బొమ్మ ప్రదర్శనకెక్కి, చూసినవాళ్లందరి మెప్పూ పొందింది. ఆ నెలలోనే అప్పలరాజు పడవ తిరగబడింది! అర్జునరావు గీస్తే ఆయుష్షు తీరిపోతుందని పేటంతా పాకింది. ఆ తర్వాత ఒక్క మనిషీ అతని ఎదుట కూర్చోలేదు. చివరికి, నిద్రపోతున్న కొడుకును చూసి గీసుకున్నాడు.

సూర్యకళ చేపలు కోసే కత్తి అందుకుంది. కాన్వాసు మీదికి ఎత్తింది కూడా... అంతలో గుమ్మంలో నూకాలు! అప్పలరాజు భార్య. తనను శపించడానికే వచ్చిందా?

"గాలికి బయమేసి వొచ్చీసినాను వదినా... అన్నయ్యా, మా మనిషి బొమ్మ ఓపాలి సూపించవా? పెళ్లి ఫోటోలో ఉన్నది కుర్రోడు. ఆ మడిసి మొకం మరిసిపోతన్నాను!"

అర్జునరావు మంచం వెనకనుంచి బొమ్మ తీశాడు. నూకాలు ఆ నెరిసిన గడ్డం నిమిరింది. భోరుమంది.

"సంద్రం తీసుకుపోయింది వదినా, బొమ్మ కాదు. అన్నయ్య గీయకపోతే నాకేటి మిగిలీది?"

సూర్యకళ కత్తి కింద పెట్టి, నూకాలును గుండెలకు హత్తుకుంది.

చీకటి పడే వేళకు రాము ఫోన్ చేశాడు. పడవ భీమిలి ఒడ్డున ఆగిందట! సూర్యకళ గోడకు చేరబడి వెక్కివెక్కి ఏడ్చింది.

అయినా ఆమె భయం పోలేదు. మర్నాడు వీధి తలుపులు బార్లా తెరిచి, పేటంతా చూస్తుండగా, అర్జునరావు ఎదుట వచ్చి కూర్చుంది.

"నన్ను గీయి మావా. వొచ్చేదేటున్నా నా మీదికే రానీ."

అతని కళ్లు చెమర్చాయి. "భయమేస్తంది కదే నీకు?"

"ఏస్తంది... సానా ఏస్తంది! నువ్వు గీయి."