వేట లేని పొద్దు వచ్చిన కబురు

చెంచులక్ష్మికి అత్తగారింట్లో అన్నీ ముద్దుగానే ఉన్నాయి. డికాక్షన్ చుక్క చుక్కగా దిగే చప్పుడు ముద్దు. భర్త రంగనాయకులు తల సరిగా తుడుచుకోకుండా వచ్చి కాఫీకి కూర్చోవడం ముద్దు. పెళ్ళి పందిరి ఇంకా తీయలేదు. రెండు మూడు రోజులుగా వీస్తున్న గాలికి తాటాకులు గలగలమంటుంటే, అదీ తన పెళ్ళి మేళంలాగే వినిపిస్తోంది.

"ఎవరి కోసం ఆ చూపులు? నేనీడే ఉండానుగా" అన్నాడు రంగనాయకులు.

"మీరు రోజంతా ఉంటారు. కామమ్మ ఒక్కసారే వస్తుంది" అంది లక్ష్మి, వీధి మీది చూపు తిప్పకుండా.

కామమ్మ మైపాడు నుంచి ఇందుకూరుపేటకు చేపల గంపతో వచ్చేది. గంపలోవి వంటింటికి, నోట్లోది కోడలికి. ఆ కబుర్లు పంపేది పుష్పకుమారి.

నెల్లూరు కాలేజీలో ఇంటర్ మొదటిరోజు ఒకే బెంచీ మీద కూర్చున్నది మొదలు, బి.ఏ. అయ్యేదాకా వాళ్ళిద్దరూ విడిగా కూర్చోలేదు. చిన్నప్పటి కీళ్ళజ్వరం పుష్ప గుండెను పట్టుకుంది. మేడ ఎక్కలేక మధ్యలో కూలబడి, "ఈ మెట్టు నాకు నచ్చిందే, కాసేపు కాపురం చేసి వస్తా" అనేది. లక్ష్మి పెళ్ళికి ఆమెను కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. కుర్చీ దిగకుండానే అక్షింతలు గురిచూసి పెళ్ళికొడుకు ముక్కు మీద వేసింది.

పదహారు రోజుల పండగ కాగానే ఆయన్ను వెంటబెట్టుకొని మైపాడు పోవాలి. పుష్ప పక్కన కూర్చొని అన్నీ చెప్పాలి. ఏ ముచ్చట ముందు చెప్పాలో లక్ష్మి వరస కూడా పెట్టుకుంది.

ఈలోపు కబుర్లే దిక్కు. 'డాక్టరు ఉప్పు మానమన్నాడే. సముద్రం పక్కన ఉండి ఉప్పు మానాలంటే గాలి కూడా పీల్చకూడదు గదా' అని ఒకరోజు. 'కాళ్ళు వాచి మా నాన్న చెప్పులే పడతా ఉండాయి. ఇంట్లో ఇప్పుడు పెత్తనం నాదే' అని ఇంకోరోజు.

కామమ్మ వచ్చి గంప దించింది. తల ఎత్తకుండానే కబురు చెప్పింది. "తెల్లారి కిటికీలోంచి చూసిందంట పాపా. పడవలన్నీ వరసగా వేటకి పోతా ఉండాయంట. తెరచాపల నిండా అతుకులేనంట. మీ అత్త చీరలన్నీ ఆరేసినట్టు ఉండాదంట."

లక్ష్మి పకపకా నవ్వింది. గడపలో నిలబడ్డ అత్తగారు వెంకటశేషమ్మ విననే విన్నది. కోప్పడలేదు. పమిటచెంగు కళ్ళకు అద్దుకొని పక్కకు తిరిగింది.

లక్ష్మి నవ్వుతూనే గంప మీది గుడ్డ తీసింది. "ఎండు నెత్తళ్ళేనా? పచ్చి వంజరం చేప తెస్తానంటివే."

"యాడిది పాపా? ఈ గాలికి మూడు దినాలుగా ఒక్క పడవా కదల్లా."

ఆ మాట అన్నాక కామమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లక్ష్మి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "పడవ కదలకపోతే పుష్ప ఏం చూసింది?"

రంగనాయకులు గ్లాసు కింద పెట్టి తల వంచుకున్నాడు.

"కామమ్మా, పుష్ప ఎట్టా ఉంది?"

"పోయిన శుక్రవారం పోయింది పాపా" అంటూ కామమ్మ నేల మీద కూలబడింది. "ముందునాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఇయ్యన్నీ ఒక్కసారే చెప్పినాది. రోజుకొకటి చెప్పు, వరస తప్పొద్దు, పదహారు రోజుల పండగ దాకా దాన్ని నవ్వించు అన్నాది. గాలి లేస్తాదని ఆ తల్లికేం తెలుసు. నాకూ తోచలా."

లక్ష్మి అత్తగారి వైపు తిరిగింది. "మీకు తెలుసు. అందరికీ తెలుసు. అది పోయిన రోజు నేను గాజులు సర్దుకుంటూ పాటలు పాడుకున్నాను. నన్నెందుకు అట్లా ఉండనిచ్చారు అత్తయ్యా?"

"కొత్త పెళ్ళికూతురు చావింటి గడప తొక్కకూడదే. ఏడాది నిండేదాకా."

"తొక్కితే ఏమవుతుంది? ఒక్కసారి ముఖం చూసేదాన్ని. దానికి నేను తప్ప స్నేహితురాలు ఎవరున్నారు? నేను రాలేదని అనుకొని ఉంటుంది."

"అనుకోలేదు పాపా" అంది వెంకటశేషమ్మ. "శుక్రవారం నిన్ను కనకాంబరాల దండ కట్టమన్నానా లేదా?"

గుడికి అంది ఆ రోజు అత్తగారు. బారుగా కట్టు, మరువం ఎక్కువ వెయ్యి అంది. పూలు తక్కువపడితే లక్ష్మి పక్కింటి దొడ్లోకి కూడా పరుగెత్తింది.

"గుడికి పోలేదు. బస్సెక్కి మైపాడు పోయినా. నువ్వు కట్టిన దండ నా చేత్తోనే ఆ బిడ్డ మెడలో వేసినా. చెంచులక్ష్మి కట్టిందమ్మా అని చెవి దగ్గర చెప్పినా. ఇంటికొచ్చేసరికి నువ్వు నవ్వుతా ఎదురొచ్చినావు. చెప్పడానికి నోరు రాలా."

లక్ష్మి తన వేళ్ళ వంక చూసుకుంది. ఆ దండ కడుతూ తను ఈల వేసింది. పుష్ప నేర్పిన ఈలే. అప్పుడు వచ్చింది ఏడుపు. వెంకటశేషమ్మ పక్కన కూర్చొని కోడలి తలను ఒళ్ళోకి లాక్కుంది. లక్ష్మి విడిపించుకోలేదు.

చాలాసేపటికి ముఖం తుడుచుకొని అడిగింది. "ఇంకేమన్నా మిగిలి ఉన్నాయా?"

"ఒక్కటుండాది. అది నా మీదనే పాపా" అంది కామమ్మ.

"చెప్పు."

"కబుర్లకు ఆశపడి నువ్వు బేరం ఆడటంలా, నేను ఎంతంటే అంత ఇస్తా ఉండావంట. ఇంక కబుర్లు అయిపోయినాయి, రేపట్నుంచి గీసి గీసి బేరమాడమన్నాది."

లక్ష్మికి ఏడుపులోనే నవ్వు తన్నుకొచ్చింది. గంప దగ్గరికి జరిగి దోసెడు నెత్తళ్ళు తీసింది.

"ఇవి ఎంత?"

"అర్ధరూపాయి" అంది కామమ్మ కళ్ళు ఒత్తుకుంటూ.

"పావలా ఇస్తాను" అంది లక్ష్మి. ఆ పైన బేరం సాగలేదు.