పన్నెండింటి రైలు

ట్రామ్ తలుపులు మూసుకున్నాక ట్రుల్స్ మెల్లగా పక్కకి ఒరిగాడు. ఓస్లో మెట్రోలో బ్రేకుల ఇంజనీరు అతను. నిద్రపోతున్నాడనుకుని పక్కసీటావిడ కిటికీవైపు తిరిగింది. అతని మెడ మీద సూది పోటు. అతణ్ణి రహస్యంగా కలవడానికి వచ్చిన గూఢచారి విభాగం ఏజెంట్ రాగ్నా, ఎదురు సీట్లోంచి వంగి చెవి పెట్టేసరికి నాలుగు ముక్కలే మిగిలాయి.

"కొండ లైను... పన్నెండింటి రైలు... బ్రేకులు... అడవిలోంచి..."

ఆ రైలు నడిపేది రాగ్నా తమ్ముడు హాల్వర్.

తర్వాతి స్టాపులో, ఆమె కబురందుకున్న విభాగం చీఫ్ స్టెయినర్ ఎక్కి, ఆమె వెనక సీట్లో కూర్చుని పేపరు విప్పాడు.

"రైళ్లు ఆపించండి సార్."

"ఒక్కటి ఆగినా, బ్రేకుల్లో పరికరాలు పెట్టిన విదేశీ ముఠాకి తెలిసిపోతుంది. మిగతావాటి మీద మీట నొక్కేస్తారు. ముందు అడవిలో ఉన్న వాళ్ల ట్రాన్స్‌మిటర్ పట్టుకోవాలి."

"హాల్వర్‌కైనా చెప్పనివ్వండి."

"డ్రైవరు గదిలో మాటలతో సహా రేడియో, ఫోన్లు అన్నీ వింటున్నారు. నోరు జారావో, వాణ్ణి నువ్వే చంపినట్టు."

"కారివ్వండి మరి."

"ఊరి మధ్యలోంచి కార్లని తరిమేసి ఎన్నాళ్లయింది? ఎక్కణ్ణుంచి తేను? మెట్రో ఎక్కు. ఇలోనా వస్తుంది. ముఠా మనిషిని చూసి గుర్తుపట్టేది ఆవిడొక్కతే."

ఇలోనా ముఠా దేశం నుంచే వచ్చి, మూడేళ్లుగా విభాగానికి కబుర్లు చేరవేస్తున్న అందగత్తె. ఆఫీసులో ఆమె అటు నడిచి వెళ్తే ఫైలు చదివేవాళ్లు అదే పేజీ మళ్లీ చదువుకోవాల్సిందే. ఇవాళ హైహీల్స్ లేవు. బూట్లు, వీపున సంచీ.

"మీ అడవంటే నాకు హడల్," అంది రైలెక్కుతూ. "ట్రామ్ పట్టాలు దాటి అడుగు పెడితే ఒట్టు. ఇదే మొదటిసారి."

ఊరి పద్ధతి మాత్రం ఆమెకి బాగా ఒంటబట్టింది. సంచీ పక్కసీట్లో పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చుంది. ఎదురింటాయన్ని మూడేళ్లలో ఒక్కసారైనా పలకరించలేదని ఆఫీసులో గొప్పగా చెప్పుకునేది.

పై స్టేషన్‌లో దిగగానే హాల్వర్ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాచాడు. ప్రతి ఆదివారం అక్క తెచ్చే కాఫీ కోసం.

"వచ్చేటప్పుడు ఇస్తాలేరా," అంది రాగ్నా, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని. పన్నెండింటికి ఇదే రైలు కిందికి దిగుతుంది. వాడి మొహం చూసే ధైర్యం లేకపోయింది.

"చల్లారిపోతుందక్కా. నువ్వు తాగేశావో, ఊరుకోను."

అడవి నిండా జనం. అందరి వీపునా సంచీ, అందరి చేతిలోనూ ఫ్లాస్కు. వీళ్లలో ఎవరని వెతికేది?

"ఎర్ర టోపీ వాడు. ఆ గట్టు మీదుంటాడు, పద," అంది ఇలోనా.

రాగ్నా గడియారం చూసుకుంటూ నడుస్తోంది. దారి ఒక పట్టాన తరగడం లేదు. ఎదురుగా కుక్కతో ఒక ముసలాయన దిగి వస్తున్నాడు. రాగ్నా తలెత్తేలోపే ఇలోనా పక్కకి తప్పుకుని, నవ్వుతూ "హాయ్" అంది. తర్వాత పిల్లాణ్ణి వీపున వేసుకున్న అతనికీ ముందుగా ఆమే "హాయ్" అంది.

రాగ్నా కాళ్లు ఆగిపోయాయి. ట్రామ్‌లో పక్కవాడు చచ్చిపోతున్నా పలకరించని జనం, అడవిలోకి రాగానే దారినపోయే ప్రతివాణ్ణీ పలకరిస్తారు. ఆ సంగతి ఎవరూ నేర్పరు. ఎన్నో ఆదివారాలు ఇక్కడ తిరిగితేనే నాలిక మీదికి వస్తుంది.

"మొదటిసారన్నావు కదూ, ఇలోనా?"

ఇలోనా అలసటగా నవ్వింది.

"మీ దేశంలో నాకు నచ్చింది అదొక్కటే, రాగ్నా. ఎర్ర టోపీ వాడెవడూ లేడు."

ఆమె సంచీలోంచి ఫ్లాస్కు తీసి మూత తిప్పింది. లోపల కాఫీ లేదు, ట్రాన్స్‌మిటర్ ఎర్ర దీపం వెలిగింది. కింద రైలు గంట మోగింది.

"అది నడిపేది నా తమ్ముడే. నీ కాళ్లు పట్టుకుంటాను."

"తెలుసు. నా ఇష్టం ఎవరడిగారు?"

మూత రెండోసారి తిరుగుతుండగానే రాగ్నా తన ఫ్లాస్కు తెరిచి తమ్ముడి వేడి కాఫీ మొత్తం ఆమె చేతి మీద గుమ్మరించింది. ఇలోనా ఫ్లాస్కు జారి రాళ్ల మీద దొర్లింది. రాగ్నా దాని మీద పడి, గోళ్లు విరుగుతున్నా లెక్క చెయ్యకుండా వైర్లు పీకింది. దీపం ఆరింది.

కింద మలుపు దగ్గర బ్రేకులు కీచుమన్నాయి. రైలు నిదానంగా ఆగింది.

ఇలోనాకి సంకెళ్లు వేసి, రాగ్నా నేల మీద కూలబడి భోరున ఏడ్చింది. కుక్కతో తిరిగొస్తున్న ముసలాయన ఆగి, ఆదరంగా "హాయ్" అన్నాడు. వెక్కుతూనే ఆమె కూడా "హాయ్" అంది.

రైలు మళ్లీ పైకొచ్చింది. హాల్వర్ చెయ్యి చాచాడు.

"ఒలికిపోయిందిరా."

"ఒక్క పని సరిగ్గా చెయ్యవు కదక్కా," అని తలుపేసుకున్నాడు. ఆ తలుపుకి చెయ్యి ఆనించి రాగ్నా కాసేపు అలాగే నిలబడింది.

పెట్టె నిండా జనం. ఒళ్లంతా మట్టి, వేళ్లకి నెత్తురు, ముక్కెగబీలుస్తూ ఒకామె. పక్కన సంకెళ్లతో ఇంకొకామె. ఒక్కళ్లూ కన్నెత్తి చూడలేదు. ఊళ్లోకి దిగుతున్నారు మరి.