హార్టిగన్ దొర కూతురు

“అమ్మ మాత్రలు ఉమ్మేస్తా ఉందక్కా! ‘మా నాయన సంగతి తేలేదాకా నాకేం వద్దు పో’ అంటా ఉంది. ఇంగ నేనేం చేసేది?”

గుంతకల్లు ఆసుపత్రి వరండాలోంచి తమ్ముడు యోగానంద్ ఫోనులో అరుస్తుంటే, కెనడాలోని గ్వెల్ఫ్‌లో కూతురి బేస్‌మెంటు గదిలో కూర్చున్న పద్మిని ఫోనుని చెవికి మరింత అదుముకుంది. ఎనభై రెండేళ్ల తల్లి లక్ష్మమ్మ! గుండె సగమే పనిచేస్తోందని డాక్టర్లు చేతులెత్తేశారు. అయినా ఆవిడకి ప్రాణం మీద తీపి లేదు... ఉన్నదల్లా ఒక్కటే ప్రశ్న. తన ఏడో ఏట కెనడా వెళ్లిపోయిన తండ్రి తనను కావాలని వదిలేశాడా, రాలేకపోయాడా?

ఆ తండ్రి తెలుగువాడు కాడు. ఐర్లండు నుంచి వచ్చి గుంతకల్లులో రైలింజను నడిపిన హార్టిగన్ దొర. పద్మిని అమ్మమ్మ ఈశ్వరమ్మను మనసుపడి చేసుకున్నాడు. ఆ పెళ్లికి కాగితమూ లేదు, నిలబడి సాక్ష్యం చెప్పేవాళ్లూ లేరు. తెల్లదొరలంతా మూటాముల్లె సర్దుకునే రోజుల్లో ఆయనా కెనడా ఓడెక్కాడు. ఆరు నెలల్లో తల్లినీ పిల్లనీ పిలిపించుకుంటానన్నాడు. గ్వెల్ఫ్ అనే ఊరి నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది. అంతే! తర్వాత మనిషీ లేడు, మాటా లేదు. ఊరంతా నోళ్లు నొక్కుకుంది. ఈశ్వరమ్మ మాత్రం పదేళ్లపాటు మెయిలు బండి వచ్చే వేళకి స్టేషనుకి వెళ్లి నిలబడేది... చివరికి ఆ ప్లాట్‌ఫారం మీదే కుప్పకూలిపోయింది.

మరి ఆ తల్లీబిడ్డల్ని కడుపులో పెట్టుకుని సాకిందెవరు? ఈశ్వరమ్మ అన్న వెంకటసుబ్బయ్య గారు! రైల్వే బడి హెడ్మాస్టరు. వచ్చే భార్య చెల్లెల్ని సరిగ్గా చూడదేమోనని పెళ్లే మానుకున్న మహానుభావుడు. మేనకోడల్ని బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు దగ్గర నిదానంగా తన పేరే రాసుకున్నాడు. మన వైపు ఇది వింతేమీ కాదు కదమ్మా! తండ్రి లేని పిల్లకి మేనమామ పేరు తగిలిస్తే రేపు పెళ్లికి అడ్డు రాదని పెద్దవాళ్ల ఆలోచన. లక్ష్మమ్మకి ఆయన దేవుడు. పద్మిని కూడా ‘తాతయ్యా’ అంటూ ఆయన వేలు పట్టుకునే అక్షరాలు దిద్దింది. తండ్రిని తిట్టుకోవడానికీ, మామకి దండం పెట్టుకోవడానికీ లక్ష్మమ్మ బతుకు సరిపోయింది.

మనవరాలు చరితకి విన్నిపెగ్‌లోనూ గ్వెల్ఫ్‌లోనూ సీటొస్తే, “గ్వెల్ఫుకే పోవల్ల” అని పట్టుబట్టిందీ ఆవిడే. పిల్ల వచ్చి ఏడుగురు అమ్మాయిలతో ఆ బేస్‌మెంటులో సర్దుకుంది. గోదాములో పార్ట్‌టైమ్ చేసింది. అదీ చాలని నెలల్లో చర్చివాళ్లు ఊరికే ఇచ్చే పప్పూ బియ్యం కోసం తోటి స్టూడెంట్లతో క్యూలో నిలబడింది. ఆ సంగతి కాన్వొకేషన్‌కని వచ్చాకే పద్మినికి తెలిసింది. అయితే ఆ క్యూలోనే, చర్చిలో పాత కాగితాలు చూసుకునే ఒక ముసలావిడ చరితకి పరిచయమైంది. ఇద్దరూ కలిసి రెండేళ్లు ఓడల జాబితాలు, జనాభా లెక్కలు, సమాధుల పుస్తకాలు తిరగేశారు. హార్టిగన్‌లు డజనుమంది తేలారు. గుంతకల్లు హార్టిగన్ మాత్రం తేలలేదు.

యోగానంద్ ఫోను పెట్టేసిన గంటకి చరిత మెట్లు దూకుతూ వచ్చింది. చేతిలో పాత కాగితాల నకళ్లు.

“అమ్మా! దొరికాడమ్మా! ఆయన మనల్ని వదిలేయలేదు! డాటర్‌ని తెచ్చుకోవడానికి ఇక్కడ అప్లై చేశాడు. మూడుసార్లు! మూడుసార్లూ రిజెక్ట్ చేశారు. ఆ పేపర్లన్నీ చర్చి ఫాదర్ దగ్గర దాచిపెట్టి చనిపోయాడట. మళ్లీ పెళ్లి కూడా చేసుకోలేదమ్మా!”

పద్మిని కాగితాలు అందుకుంది. ‘నా కూతురి పేరు లక్ష్మి. కుడి చెవి వెనక శనగగింజంత పుట్టుమచ్చ ఉంటుంది. దయచేసి చూసి రమ్మనండి, అది నా బిడ్డే...’ అని దొర ఇంగ్లీషులో బతిమాలుకున్నాడు! ఆ పుట్టుమచ్చని పద్మిని చిన్నప్పుడు ఎన్నిసార్లు వేలితో తడిమిందో!

“మరెందుకు కాదన్నారే?”

“ఇమిగ్రేషన్ ఆఫీసువాళ్లు పిల్ల చదివే స్కూల్‌కి రాసి అడిగారమ్మా. వాళ్లు ఇలా ఆన్సర్ చేశారు. ఈ సైన్ తెలుగులో ఉంది, ఎవరిదో చూడు.”

‘ఈ బాలిక నా సొంత కుమార్తె. హార్టిగన్ అనువారెవరో మాకు తెలియదు. బడి రిజిస్టరు నకలు జతచేశాను.’ కింద గుండ్రటి అక్షరాల సంతకం... పద్మిని ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా ఉండే సంతకం!

“అయ్యో... తాతయ్యా!” అంటూ ఆమె ఆ సంతకం మీద వేలుంచింది. పిల్ల పెళ్లి కోసమని రాసుకున్న ఆ పేరే కన్నతండ్రి చేతులు కట్టేసిందా! ఆయనే కావాలని కట్టేశాడా! ఎవరిని అడుగుతుంది? ఆ మనిషి పోయి నలభై ఏళ్లయింది.

కళ్లు తుడుచుకుని అంది. “ఇది అమ్మకి చెప్పొద్దే. దొర ఆ ఒక్క ఉత్తరం రాసిన నెలకే జబ్బుచేసి పోయాడని చెబుతా. ఇద్దరూ మంచివాళ్లుగా మిగిలిపోతారు.”

“అబద్ధం చెప్పి పంపించేస్తావా అమ్మమ్మని? ఆయన్ని ఒకసారి లేకుండా చేశారు చాలదా? ఇప్పుడు నువ్వు కూడానా?”

పద్మిని చెయ్యెత్తింది. కొట్టలేకపోయింది... ఎత్తిన చేత్తో తన తలే బాదుకుని బావురుమంది. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది కనుక!

వీడియోకాల్‌లో తల్లి ముఖం వడలిపోయి ఉంది. పద్మిని చెప్పింది. ఏదీ దాచలేదు.

“మూడు తూర్లా?” అంది లక్ష్మమ్మ.

“అవునమ్మా... మూడు తూర్లు.”

“జవాబు మామే రాసినాడా?”

పద్మిని తలూపింది.

“నన్ను పోగొట్టుకోలేక రాసుంటాడులే. పెంచిన మమకారం అట్లాంటిది... నాకు చేసిందాన్ని నేను మన్నిస్తా.” ఆవిడ ఊపిరి అందుకుంది. “కానీ పాపా... మా అమ్మ ఎండనకా వాననకా టేసనుకి బయలుదేరితే, ఆ మామే గొడుగు చేతికిచ్చి పంపిస్తా ఉండె. మా నాయన రాడని తెలిసీ పంపిస్తా ఉండె గదే! దాన్ని మన్నించేకి నేనెవరు?”

ఇటు తల్లీకూతుళ్లు ఏడుస్తున్నారు. అటు ఆవిడ కళ్లలో చుక్క లేదు.

“ఒగరి మీద కోపం, ఒగరి మీద భక్తి పెట్టుకుని ఇన్నాళ్లు బతికితి. రెండూ ఒక్క పూటలో పాయ. సరేలే... నువ్వేం చేస్తావు, అడిగింది నేనే గదా. ఒక్క మాట విను. నేను పోయినాకన్నా, ఒక్క కాగితంలో నా పేరు పక్కన మా నాయన పేరు రాయించండి. అది చాలు నాకు.”

“రాయిస్తానమ్మా! ఒట్టు!” అని పద్మిని ఫోనుని గుండెకి హత్తుకుంది.

నాలుగో రోజు లక్ష్మమ్మ వెళ్లిపోయింది. టికెట్టు దొరికి పద్మిని చేరేలోపే అంతా అయిపోతుందన్నారు. పొద్దున్నే యోగానంద్ మళ్లీ ఫోన్ చేశాడు.

“అక్కా... డెత్ సర్టిఫికెట్‌కి ఫారం ఇచ్చినారు. తండ్రి పేరు హార్టిగన్ అని రాస్తే ఒప్పుకోలేదు. ఆధార్‌లో, పింఛను పుస్తకంలో తాత పేరే ఉంది గదా. బడి రిజిస్టరు నుంచే అన్నిట్లోకీ పాకిందది. తేడాగా రాస్తే సర్టిఫికెట్ రాదంట. కోర్టుకి పోవల్లంట. కాళ్లమీద పడినాను, వినలేదక్కా. గుమాస్తా ఎదురుగా కూర్చోని ఉన్నాడు... ఏం రాయమంటావు?”

పక్కన చరిత తల్లి ముఖంలోకే చూస్తోంది. ఒళ్లో దొర రాసిన మూడు అర్జీలూ ఉన్నాయి. పద్మిని వాటిని చేత్తో నిమిరింది. ఏ కోర్టు వింటుంది? ఎవరు సాక్ష్యం చెబుతారు? చెవి వెనక పుట్టుమచ్చ కూడా మరో గంటలో బూడిదైపోతుంది.

“ఆధార్‌లో ఉన్నట్టే రాయించు నాయనా,” అంది.