ఈ అడుగులు నావి

ఆ గదికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నమైనా తలుపు వేస్తే చీకటే. గోడలకి మందపాటి స్పాంజి. నేలంతా గడులు గడులుగా కట్టి, ఒక గడిలో ఇసుక, ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో చెక్క పలక, ఇంకోదాంట్లో ఎండుటాకులు. ఓ మూల అరల్లో పాతిక ముప్పై జతల పాత చెప్పులూ బూట్లూ. తెలియనివాళ్ళు చూస్తే పాత సామాన్ల కొట్టనుకుంటారు. చప్పుళ్ళు చెయ్యడం నేర్చుకునే పిల్లలకి మాత్రం అదే బడి.

సినిమాలో మనిషి నడుస్తుంటే వినపడే అడుగులు చాలాసార్లు ఆ మనిషివి కావు. బొమ్మ తీయడం అయిపోయాక ఇలాంటి గదిలో ఎవరో ఒకరు తెర చూస్తూ, అక్కడ కాలు పడ్డప్పుడల్లా ఇక్కడ తమ కాలు వేస్తారు. బట్టల గరగర, గిన్నెల చప్పుడు, తలుపు కిర్రుమనడం, అన్నీ ఇలా తర్వాత చేసి అతికించేవే. ఈ పనికి ఫోలీ అని పేరు. మన కథలో అక్కకి ఈ పనంటే చెవి కోసుకునేంత ఇష్టం.

అక్క ఈ చదువులో చేరి రెండేళ్ళయింది. చెల్లి ఆమె పిన్ని కూతురు. "అక్క ఎక్కడుంటే నేనూ అక్కడే" అని ఇంట్లో మొండికేసి, ఆర్నెల్ల క్రితం వచ్చి అదే క్లాసులో చేరింది. ఇద్దరికీ ఒకే గది, ఒకే మంచం, ఒకే దువ్వెన. ఇక్కడిదాకా బాగానే ఉంది.

వచ్చిన చిక్కల్లా చెల్లి పాదాలతోనే. ఆర్నెల్ల పిల్ల కంకర మీద నాలుగడుగులు వేస్తే, పక్క గదిలో కూర్చుని వినే మాస్టారు కుర్చీలోంచి లేచేవారు. "కళ్ళు మూసుకున్నా తెలుస్తోందమ్మా, ఆ నడిచే మనిషికి మోకాలు నొప్పి అని" అనేవారు. అక్క నడిస్తే? "నీ అడుగులు సరిగ్గా పడుతున్నాయమ్మా" అనేవారు. సరిగ్గానట! సరిగ్గా పడటానికి ఆమేమైనా గోడ గడియారమా? ఆ మాట విన్నప్పుడల్లా అక్కకి అరికాలి మంట నెత్తికెక్కేది. పైకి మాత్రం నవ్వుతూ చెల్లి వీపు తట్టేది.

మాస్టారు ఏటా ఒక్కరినే తన దగ్గర పనిలో పెట్టుకుంటారు. కిందటేడు అది అక్క చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారి కూడా రాకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవడమే. పరీక్షకి నాలుగు నిమిషాల బొమ్మ ఇచ్చారు. మాటల్లేవు. ఒకావిడ ఖాళీ ఇంట్లో గదిగదీ తిరిగి, చివరికి ఓ కుర్చీలో కూలబడుతుంది. ఆవిడ అడుగులు చేసివ్వాలి. శుక్రవారం మాస్టారు వింటారు.

ఆయనకో పట్టింపు ఉంది. ఇదివరకు పిల్లల ఫైళ్ళు కలగాపులగమైపోయి, ఎవరిది ఎవరిదో తెలియక తలపట్టుకున్నారట. అప్పట్నించి ప్రతి ట్రాకూ మొదలయ్యేముందు, అడుగులు వేసినవాళ్ళు తమ నోటితోనే మైకులో చెప్పాలి: "ఈ అడుగులు నావి." తర్వాత ఒక చప్పట. ఆ తర్వాతే నడక. ఫైలు పేరు మారినా గొంతు మారదు కదా అని ఆయన లెక్క.

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచారు. అక్క తలనొప్పి అంది.

"నీకేమైనా తెచ్చేదా అక్కా?"

"ఏం వద్దు. నువ్వెళ్ళు."

చెల్లి చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి, అక్క తలుపు వేసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చెల్లి ట్రాకు తెరిచింది. వినడానికి కాదు, తప్పులు పట్టడానికి.

ఒక్క తప్పు కూడా దొరకలేదు. మూడో గది గుమ్మం దగ్గర ఆవిడ తటపటాయించినప్పుడు, చెల్లి మడమ ఆగిపోయి, బొటనవేలు మాత్రం నేలని ఒక్కసారి మెల్లగా రాసింది. అంతే. ఆ గదిలో ఎవరో ఉండేవారనీ, ఇప్పుడు లేరనీ తెలిసిపోయింది. అక్కకి ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళుగా అరిగిపోయిన తన కాళ్ళకి రానిది, ఈ పిల్లకి బొటనవేల్లో ఎలా వచ్చింది?

తర్వాత జరిగింది అయిదు నిమిషాల పని. ట్రాకు మొదట్లో చెల్లి చెప్పిన మూడు మాటలూ, ఆ చప్పటా కత్తిరించేసింది. మైకు ముందు నిలబడింది. చీకట్లో మైకు మీద ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతోంది.

"ఈ అడుగులు నావి."

చప్పట కొట్టింది.

గదిలో పాత తోలు వాసన ఎప్పుడూ ఉండేదే. ఆ క్షణాన మాత్రం వెచ్చగా వచ్చింది, ఎవరో అప్పుడే విప్పిన బూట్ల వాసనలా. అక్క ముక్కు నలుపుకుని, తన గొంతు చెల్లి అడుగులకి అతికించి, తన పేరున దాచుకుంది. చెల్లి ఫైలు తీసేసింది. కంప్యూటరు చెత్తబుట్టలోంచి కూడా తుడిచేసింది. తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది.

టక్. టక్. టక్...

వెనకాల ఇంకెవరో నడుస్తున్నారు. అక్క ఆగింది. ఆ అడుగులు కూడా ఆగాయి. కానీ అరక్షణం ఆలస్యంగా...

ప్రతిధ్వని అనుకుందామంటే, చప్పుళ్ళ చదువు చదివే పిల్లాయె. గోడలకి స్పాంజి కొట్టిన వరండాలో ప్రతిధ్వని రాదని ఆమెకి తెలుసు.

"అక్కా!"

అక్క ఎగిరిపడింది. చెల్లి పక్కనే నిలబడి ఉంది, చేతిలో రొట్టె పొట్లంతో.

"పిల్లిలా వస్తావేంటే! గుండాగి చచ్చేదాన్ని."

"పిల్లిలా ఏంటి? మెట్లన్నీ పరిగెత్తుకుంటూ వచ్చాను. నీకు వినపడలేదా?"

వినపడలేదు. చెల్లి ఆయాసం కళ్ళకి కనపడుతోంది గానీ, కాలి చప్పుడు అక్క చెవిన పడలేదు.

శుక్రవారం మాస్టారు వరసగా అందరివీ విన్నారు. అక్క ట్రాకు రాగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మూడో గది గుమ్మం దగ్గర ఆ బొటనవేలు నేలని రాసినప్పుడు ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఇది నువ్వు చేసిందేనా అమ్మా?"

"నేనే మాస్టారూ."

తన అడుగులు తను గుర్తుపట్టని మనిషి ఉంటుందా? చెల్లి తలెత్తి అక్క వైపు చూసింది. అక్క గోడ వైపు చూసింది.  తన ఫైలు కనపడట్లేదని మాత్రం చెల్లి మెల్లగా చెప్పింది.

"పోతే పోయింది, ఇప్పుడే మళ్ళీ చెయ్యి" అన్నారు మాస్టారు.

చెల్లి చెక్క పలక మీదికి ఎక్కి నడిచింది. పక్క గదిలో చప్పుడు కొలిచే మీటరు ముల్లు కదల్లేదు. మాస్టారు మైకు మార్చారు. వైరు మార్చారు. మళ్ళీ పక్క గదిలో కూర్చుని, గోడ స్పీకరులోంచి "గట్టిగా వెయ్యమ్మా" అన్నారు. చెల్లి కంకరలోకి దిగి దబదబా కాళ్ళు బాదింది. రాళ్ళు చెదిరాయి. దుమ్ము లేచింది. చప్పుడు లేదు.

నిజం చెప్పుకోవాలంటే, అది చూసి అక్కకి ముందు కలిగింది భయం కాదు, సంతోషం. అంత గొప్ప పాదాలకి కంకర కూడా పలకలేదు కదా అని కడుపు చల్లబడింది. భయం ఆ వెనకాల వచ్చింది.

"పాడు మైకు. నువ్వోసారి నడువు" అన్నారు మాస్టారు అక్కతో.

అక్క కంకరలో కాలు పెట్టింది. ముల్లు ఎగిరిపడింది. కరకర... కరకర. రెండు జతల పాదాలు.

"భలే! ఒక్కదానివే ఇద్దరిని నడిపిస్తున్నావే!" మాస్టారు పకపకా నవ్వారు. "సోమవారం నుంచి వచ్చి పనిలో చేరు."

ఆ రాత్రి గదిలో చెల్లి గ్లాసు కడిగి బల్ల మీద పెట్టింది. గ్లాసు బల్లని తాకిన చప్పుడు రాలేదు. చెల్లి మంచం చివర కూర్చుని రెండు చేతులూ అక్క ముఖం ముందుకి తెచ్చి చప్పట్లు కొట్టింది. అరచేతులు ఎర్రబడేలా కొట్టింది. ఏమీ లేదు. అక్క చెంపకి గాలి తగిలింది, అంతే.

"అక్కా, నాకేదో అవుతోంది" అంది గుసగుసగా. "నా ట్రాకు తీసుకుంటే తీసుకున్నావులే, ఎవరికీ చెప్పను. కానీ ఏం చేశావో చెప్పు. భయమేస్తోంది."

తను మైకులో చెప్పిన ఆ మూడు మాటలే ఇదంతా చేశాయని అక్కకి అప్పటికే అర్థమైంది. దాన్ని వెనక్కి తిప్పాలంటే చెల్లి చేత మళ్ళీ ఆ మూడు మాటలూ మైకులో చెప్పించాలని కూడా తోచింది. తోచిందే గానీ... అప్పుడు ఆ అడుగులు మళ్ళీ చెల్లివే. పని కూడా చెల్లిదే. ఒక్క రెండ్రోజులు! సోమవారం పనిలో చేరిపోయాక చెప్పిస్తే ఏం కొంప మునిగింది?

"నీరసంగా ఉండుంటావు. పడుకో" అంది.

శనివారం అక్క రొట్టె నములుతుంటే, ఆమె చెవుల్లో రెండు నోళ్ళు నమిలాయి. దగ్గితే వెనకాలే ఇంకో దగ్గు. ఎదురుగా చెల్లి తింటోంది, గిన్నె కడుగుతోంది, తలుపు వేస్తోంది. అంతా చప్పుడు తీసేసిన బొమ్మలా ఉంది. ఆదివారం పొద్దున చెల్లి "అక్కా" అని పిలిస్తే, ఆ పిలుపు గోడ అవతల్నుంచి వచ్చినట్టుంది. మధ్యాహ్నానికి అదీ లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

అక్క లేచింది. బడికి పరిగెత్తింది. ఆదివారం, తాళం. తలుపు మీద పిడికిళ్ళతో బాదింది. నాలుగు పిడికిళ్ళ చప్పుడు... కాళ్ళీడ్చుకుంటూ గదికి తిరిగొచ్చింది.

సోమవారం తెల్లారి తాళం తియ్యగానే చెల్లి మణికట్టు పట్టుకుని లాక్కొచ్చింది. మాస్టారు అప్పటికే పక్క గదిలో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చున్నారు.

"మొదటిరోజే ఇంత పొద్దున్నేనా?"

"ఒక్క చిన్న టేకు మాస్టారూ..."

తలుపు మూసుకుంది. చీకటి. ఎర్ర దీపం. అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చెల్లిని మైకు ముందు నిలబెట్టింది.

"చెప్పు. ఆ అడుగులు నీవని చెప్పు. చెప్పవే!"

చెల్లి పెదవులు కదిలాయి. హెడ్‌ఫోన్స్‌లో ఏమీ లేదు.

"మళ్ళీ."

ఏమీ లేదు...

"ఇంకోసారి. నా తల్లివి కదూ, గట్టిగా!"

చెల్లి మెడ నరాలు ఉబ్బేలా అరిచింది. ఎర్ర వెలుగులో నోరు పెద్దగా తెరుచుకుని ఉంది. ఎంతకీ మూసుకోలేదు. చప్పుడు లేదు.

"కుళ్ళుకున్నానే నీ మీద" అంది అక్క. "నువ్వు వచ్చిన రోజు నుంచీ కుళ్ళి చచ్చాను. శుక్రవారమే చెప్పించాల్సింది. పని పోతుందని ఆగాను. పనికోసం ఆగానే..." మాట పూర్తి కాకముందే ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపులో రెండు గొంతులున్నాయి.

హెడ్‌ఫోన్స్ ఒక పక్కకి జరిపి, చెల్లిని గట్టిగా వాటేసుకుని, ఛాతీకి చెవి ఆనించింది. వెచ్చగా ఉంది. ఊపిరికి పైకీ కిందికీ కదులుతోంది. కానీ లోపల...

లోపల ఏమీ కొట్టుకోవడం లేదు.

అక్క నిటారుగా లేచింది. మైకు ఆమె గుండెకి జానెడు దూరంలో ఉంది. రెండో చెవికున్న హెడ్‌ఫోన్స్‌లోంచి వినపడుతోంది. దబ్... దబ్... ఒకటి నిదానంగా. దాని పక్కనే ఇంకొకటి, బెదిరిపోయి పరిగెత్తుతున్నట్టు. ఏది తనదో, ఏది చెల్లిదో... అక్క ఊపిరి బిగబట్టి వింది. తెలియలేదు. ఎంత విన్నా తెలియలేదు.

గోడకున్న స్పీకరులోంచి మాస్టారి గొంతు వచ్చింది. హుషారుగా ఉంది.

"గుండె చప్పుడు అద్భుతంగా వచ్చిందమ్మా. కానీ రెండెందుకు? ఒకటి ఆపెయ్."

"మాస్టారూ, వద్దు..."

ఒకటి ఆగిపోయింది.

చీకట్లో అక్కా చెల్లీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. ఇద్దరూ కళ్ళార్పుతూనే ఉన్నారు. పట్టుకున్న రెండు చేతుల్లో ఒకటి మెల్లగా చల్లబడుతోంది. ఏదో అక్కకి తెలియడం లేదు.