ఆఖరి రీలులో సాక్షి

మూతపడ్డ ఆ సినిమాహాలు పక్కనుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. లోపల్నుంచి ఆడమనిషి గొంతు వినబడుతుందని... ఇద్దరు వాచ్‌మన్లు చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేశారు.

మా చిన్నత్త మాత్రం ఓ రాత్రి ఒంటరిగా వెళ్లింది. ఆవిడ చెప్పగా విన్నదే ఇది. అత్త అబద్ధమాడే మనిషి కాదు.

అత్తకి ఆర్నెల్లు నిండకుండానే వాళ్లమ్మ, అంటే మా నాయనమ్మ, పోయింది. ఫొటో కూడా లేదు. మిగిలిందల్లా — ఆవిడ సాక్షి వేషం వేసిన ఒక కోర్టు సినిమా.

నాలుగో రోజుకే ఎత్తేసిన సినిమా. ఇప్పుడేమో పాత సినిమాలు పోగేసేవాళ్లు దాని ఆఖరి రీలు కోసం పడి చస్తున్నారు. మిగిలింది అదొక్కటే, ఒకప్పుడు ఆ హాల్లో సినిమాలు వేసిన ముసలి ఆపరేటరు దగ్గర. పొద్దున్నే ఒకాయన వచ్చి పట్టుకుపోతాడని, అందుకని ఆపరేటరు ఆ రాత్రికి హాల్లోనే ఉంటాడని అత్తకి ఆ సాయంత్రమే తెలిసింది.

దేవుడి మీద భారం వేసి తలుపు తట్టింది.

"హమ్మయ్య, మనిషివేనా! నువ్వే దెయ్యమనుకున్నా తల్లీ," అన్నాడు ఆపరేటరు.

"తాతా, నీ కాళ్లు పట్టుకుంటా... ఆ రీలు ఒక్కసారి వెయ్యి."

"మూత తీస్తేనే పుల్లటి కంపు. ఫిల్ము కుళ్లిపోయిందమ్మా, తిప్పితే ముక్కలే."

"మా అమ్మని నేనెప్పుడూ చూళ్లేదు తాతా..."

ముసలాయన ఆమెని మెట్లెక్కించి పైన మెషీను గదికి తీసుకెళ్లాడు. రీలు డబ్బా మూత తీశాడు.

"కిందికెళ్లి కూర్చో."

ఖాళీ కుర్చీలు. తెర మీద గీతలు... కోర్టు... బోనులోకి — ఒకామె. అదే నుదురు, అదే గడ్డం... అత్తవే!

లాయరు వేలు చూపించి ఏదో అడుగుతున్నాడు. అత్త చెవికెక్కలేదు. అమ్మనే చూస్తోంది.

అమ్మ తలెత్తింది. సూటిగా హాల్లోకి చూసింది.

"ఇక్కడే ఉన్నానండీ... ఎక్కడికీ పోలేదు."

మెత్తటి గొంతు. కాస్త జీర.

టప్! — తెర తెల్లబడింది. ఫిల్ము తెగిపోయింది.

అత్త మెట్లెక్కి పరిగెత్తింది. "విన్నావా తాతా? అచ్చం నా గొంతే!"

ముసలాయన ఫిల్ము ముక్కలు ఏరుతూ తలెత్తాడు.

"గొంతేమిటమ్మా?... ల్యాబువాళ్లు పొరబాటున మాటలు ఎక్కించని కాపీ పంపారు. ఇది మూగ రీలు. అందుకే ఆనాడు జనం కుర్చీలు విరగ్గొట్టారు... అందుకే ఇప్పుడు వీళ్లు దీనికోసం ఎగబడుతున్నారు."

అత్త కిటికీలోంచి తెల్లటి తెరకేసి చూసింది.

మెషీను ఆగింది. అప్పుడు — కింద, ఖాళీ హాల్లోంచి... ఈసారి ముసలాయనకీ వినబడింది.

"ఇక్కడే ఉన్నాను తల్లీ..."