జామాయిల్ తోట కాడి ఇంట్లో నడిచేటోడు

ములకలపల్లి దాటి పాల్వంచ దారి పట్టినంక, జామాయిల్ తోటను ఆనుకొని ఒంటి పెంకుటిల్లు ఒకటి ఉంటది. చీకటి పడితే ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి ఎవలూ పోరు. పోక తప్పకపోతే కిటికీ దిక్కు చూడరు. ఆ ఇంటి గోడలో ఒక మనిషి నడుస్తడంట... ఎంత నడిచినా గోడ దాటడంట.

వీరబాబు ఇసొంటివి నమ్మేటోడు కాదు. కొత్తగూడెంల సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం వానిది. ఒకనాడు రాత్రి ములకలపల్లిల చుట్టాలింటికి పోయి వస్తుంటే, సరిగ్గ ఆ తోట కాడనే బండి ఆగిపోయింది. కిక్కు మీద కిక్కు కొట్టిండు – ఉలుకు లేదు, పలుకు లేదు. ఫోనుకు సిగ్నల్ లేదు.

తలెత్తి చూస్తే... కిటికీ నీలంగ వెలుగుతున్నది.

లోపల గోడ మీద నిజంగనే మనిషి. నిలువెత్తు మనిషి – వీపు ఇటు పెట్టి, ఒక చెట్టుకు తల ఆనించి నడుస్తున్నడు. కాళ్లు ఆడుతున్నయి. మనిషి మాత్రం జరుగుతలేడు. వాని ముందల చాప మీద ఒక పెద్దామె కూసొని, చిన్నగ ఏందో మాట్లాడుతున్నది... వానితోని.

వీరబాబు బండి వదిలేసి ఉరుకబోయిండు. 

అప్పుడు వినపడ్డది – సన్నగ ఫ్యాను తిరిగే చప్పుడు. ఆమె నెత్తి మీంచి ఒక వెలుగు గోడ దాక పోతున్నది. అందుల పురుగులు గిరగిర తిరుగుతున్నయి. ప్రొజెక్టరు. గోడ మీదున్నది గేము.

వీరబాబుకు పానం లేచొచ్చింది. తనల తనే నవ్వుకొని తలుపు కొట్టిండు.

ఆమె పేరు జహీదా. బండి సంగతి విని లోపలికి రమ్మన్నది, వెలుగుకు అడ్డం రాకుండ పక్కకు కూసోమన్నది. ఆమె మొగడు ఎప్పుడో పోయిండంట. ఒక్కడే కొడుకు, అజారుద్దీన్. వానికి సినిమాల పిచ్చి, గేముల పిచ్చి. గోడకున్న మేకులన్నీ పీకి, తెల్లగ సున్నమేసింది వాడే. తల్లిని పక్కన కూసోబెట్టుకొని సినిమా పెట్టెటోడు. సగంలనే ఆమె నిద్రపొయ్యేది. ఆమె లేవకుండ సౌండు తగ్గించి గేము ఆడుకునేటోడు.

పోయిన వానకాలం వాగు దాటబోయి కొట్టుకపోయిండు. ఊరంత దేవులాడింది. శవం దొరకలే.

వచ్చినోళ్లంత ఎల్లిపోయినంక, ఒక రాత్రి ఆమె ప్రొజెక్టరు, గేము వేసింది – కొడుకు నేర్పినట్టే, ఒక్కో బటన్ నొక్కుకుంట. గేము ఆడించే జాయ్‌స్టిక్ ఎవలూ ముట్టలే. చాప మీద పడున్నది. అయినా గోడ మీద మనిషి నడిచిండు.

"అప్పటిసంది రోజు వస్తడు," గుసగుసగ అన్నది ఆమె. "ఎటు పోతున్నవ్ బేటా అంటే చెప్పడు..."

వీరబాబు జాయ్‌స్టిక్ దిక్కు చూసిండు. అసొంటివి దుకాణానికి వస్తనే ఉంటయి. దాని మీద వేలుతో తిప్పే పుల్ల కింద దుమ్ము చేరితే, ఎవలో నొక్కుతున్నరనుకొని గేముల మనిషిని అదే నడిపిస్తది. ఇంత దుమ్ముకా ఊరంత భయపడ్డది? ఇంత దుమ్ముకా ఈమె నిద్ర మానుకున్నది? 

సంచిలకెళ్లి దుమ్ము పోగొట్టే స్ప్రే తీసిండు. పుల్ల కింద కొట్టి, గుండ్రంగ తిప్పి వదిలిండు.

గోడ మీద మనిషి ఆగిపోయిండు.

"ఇది ఖరాబైంది, అంతే అమ్మా," అన్నడు. "ఇగ బాగైంది."

ఆమె మెల్లగ లేచి గోడ కాడికి పోయింది. ఆ మనిషి వీపు మీద చెయ్యి పెట్టింది. ఆమె నీడ పడ్డ కాడ వాడు చెరిగిపోయిండు. చెయ్యి తీసింది... మళ్ల వచ్చిండు. కదలలే.

"నువ్వొచ్చేదాక నడుస్తుండె," అన్నది.

ఏం చేసిండో అప్పుడు తెలిసొచ్చింది వీరబాబుకు.  జాయ్‌స్టిక్‌ను నేలకేసి తట్టిండు. కింది దుమ్ము తీసి పుల్లకు రాసిండు. వంచిండు, వదిలిండు – లాభం లేదు. ఆఖరికి, ఆమె చూస్తలేదని, పుల్ల మీద బొటనవేలు పెట్టి మెల్లగ నూకిండు.

మనిషి నడిచిండు.

ఆమె వెనక్కి తిరగలే. గోడనే చూస్తున్నది.

"అది నువ్వు బేటా..." అన్నది. "వాడు కాదు."